నీళ్ళు ఎటునుంచి గడ్డకడతాయి

కాకి దూరని కారడవి కావాలన్నాడు వెండెల్.
వాట్సన్ లేక్ రేవులో, నా రేకుల గదిలో
బల్ల మీద పటం పరిచి, చుట్టుకుపోకుండా
నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు పెట్టాడు.
రోడ్లన్నిటినీ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాడు,
తీరిన బాకీలు పద్దులోంచి కొట్టేసినట్టు.
మిగిలిన తెల్లటి చోట వేలుపెట్టి
"ఇక్కడ ఎవరూ లేరు" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా నీళ్ళ మీద విమానం దింపుతున్నదాన్ని.
ఆ వేలు నాకు కొత్త కాదు.
ఒక్కోసారి దాని మీద తీసేసిన ఉంగరం చార ఉంటుంది,
ఒక్కోసారి గ్రీజు.
ఇతనిది కాలిన మచ్చల వేలు.
హామిల్టన్ ఉక్కు కార్ఖానాలో
పదహారేళ్ళు నిప్పురవ్వల కింద పనిచేసిందట.
ఇక చప్పుడు లేని చోట, పోయేదాకా బతకాలట.

అడగాల్సినవి అడిగాను.
నిలువునా ఎండిన స్ప్రూస్ చెట్లు ఏడాదికెన్ని కావాలో లెక్క వేశావా?
జనవరిలో సూర్యుడు ఆ కొండ మీదికి తలెత్తుతాడా,
వెనకనుంచి వెనకే వెళ్ళిపోతాడా?
పన్ను నొప్పొస్తే?
చివరిదానికి నవ్వాడు. అందరూ దానికే నవ్వుతారు.

మొదటి సరస్సు క్యాలెండర్ బొమ్మలా ఉంది, కట్టెలు మాత్రం లేవు.
రెండోదాని దగ్గర దోమలు
మేం దిగకముందే మమ్మల్ని పంచుకున్నాయి.
మూడోదానికి వెళ్తుంటే వెనక సీట్లో
పిండి బస్తాకీ వలల మూటకీ మధ్య
ఆడెలీన్ నిద్రపోతోంది. కాస్కా మనిషి, డెబ్భై ఏడేళ్ళు.
ఏటా చేపలెండబెట్టడానికి ఆమె దిగే చోటు
ఇంకా నలభై మైళ్ళు.

దక్షిణానికి తిరిగిన ఒడ్డు.
ఉత్తరపు గాలికి వీపిచ్చి కూర్చున్న కొండ. పక్కనే వాగు.
వెండెల్ మోకాలి లోతు నీళ్ళలోకి దూకేశాడు.
"ఇదే! ఇదే!"
ముందే వచ్చి కూర్చున్న కాకి ఒకటి
అతని అరుపునే అతనికి తిప్పి చెప్పింది.

ఆడెలీన్ లేచింది, దిగింది, ఎవర్నీ ఏమీ అడక్కుండా
విల్లో పొదల్లోకి నడిచి, వంగి,
దుప్పటి లాగినట్టు నాచు లాగింది.
కింద ఇనప పొయ్యి తలుపు.
మడతబందు ఒకటి ఇంకా తిరుగుతోంది.
"మా అమ్మది" అంది.

తర్వాత చాలాసేపు వాగే మాట్లాడింది.

"చోటు మంచిదే. మా అమ్మా అదే అంది.
నాలుగు చలికాలాలు ఉన్నామా,
కట్టెలు దూరం నడిచిపోతాయి, చేపలు సన్నబడతాయి.
చోటుని కాస్త పడుకోనివ్వాలి.
మేం ఆవలి ఒడ్డుకి పోయేవాళ్ళం,
అక్కణ్ణుంచి ఇంకోచోటికి, ఎప్పటికో మళ్ళీ ఇక్కడికి."
ఆగి, అతని బూట్లలోంచి కారుతున్న నీళ్ళు చూసింది.
"ఇవి ఎటునుంచి గడ్డకడతాయి?"

అతనికి తెలీదు. నాకూ తెలీదు,
పైనుంచి ఎన్ని వందల సార్లు చూశానో.

"తెలిశాక గోడలు లేపు. ఈలోగా డేరా వెయ్యి.
ముందు మావాళ్ళ ఆఫీసుకెళ్ళి అడుగు.
అడగడం మర్చిపోకు."
పొయ్యి తలుపుని పిండి బస్తా పక్కన పెట్టుకుని
ఆడెలీన్ మళ్ళీ నిద్రపోయింది.

అక్టోబరులో, విమానానికి స్కీలు తగిలించే ముందు,
ఆ మీదుగా ఒకసారి ఎగిరాను.
డేరా. పొగ.
ఒడ్డున ఒక మనిషి, చేతులు చంకల్లో దోపుకుని,
పొయ్యి మీద పాలకి కాపలా ఉన్నవాడిలా
నీళ్ళనే చూస్తున్నాడు.

జూన్‌లో దిగితే, బండ మీద పటం పరిచాడు.
తెల్లటి చోటు లేదు. అంతా పెన్సిల్ రాతలు:
ఇక్కడ మంచు పలచన. మూస్ తాగిన చోటు.
ఊట, నవంబరు ఇరవై దాకా తెరిచే ఉంది.
ఆడెలీన్ వాళ్ళమ్మ పొయ్యి.
వేలు పెట్టడానికి ఖాళీ ఎక్కడా లేదు.
కొట్టేసిన రోడ్లలో ఒకదాని మీద మాత్రం
ఎర్రగీతని రబ్బరుతో చెరిపిన మసక.

"తూర్పు మూలనుంచి" అన్నాడు, పలకరింపుకి బదులు.
అని నవ్వాడు.
పై వరసలో ఒక పన్ను లేదు.
నేనేమీ అడగలేదు.